పాతది తెచ్చారా?

జూన్ నెలాఖరులో ఒక సాయంత్రం పలమనేరు పక్క తోటలో తోతాపురి కాయలు ఎత్తుకుని చిత్తూరులో గుజ్జు ఫ్యాక్టరీకి బయలుదేరాం. మొగిలి ఘాట్ దిగుతుండగా తుంపర మొదలైంది. వాన దంచి కొడితే అద్దం దానంతటదే శుభ్రపడుతుంది. తుంపర అలా కాదు, అద్దం మీది ఎర్రదుమ్మును తడిపి వదిలేస్తుంది. దానికి తోడు ముందున్న లారీ చక్రాలు చిమ్మే బురద. వైపర్ రెండుసార్లు అటూ ఇటూ తిరిగేసరికి అద్దం పేడతో అలికినట్టయింది. నీళ్ల కోసం మీట లాగాను. చుక్క రాలేదు. పక్కన కూర్చున్న మా బావమరిది తాగే నీళ్ల సీసా మూత తీసి, కిటికీలోంచి చెయ్యి చాపి అద్దం మీద పోస్తూ వచ్చాడు. "బావా, ఇంకో సీసా ఉందా?" అని వాడు అడిగేసరికి బంగారుపాళ్యం లైట్లు కనబడ్డాయి.

నాది 2008 మోడల్ పికప్. రవాణా బండికి ఎనిమిదేళ్లు దాటితే ఏటేటా ఫిట్‌నెస్ పరీక్ష, అంటే ఎఫ్‌సీ చేయించాలి, నాకు ఆగస్టులో గడువు. అద్దం సంగతి ఎలాగూ చూసుకోవలసిందే. ముందుగా ఊళ్లో ఒక ఎలక్ట్రీషియనుకు చూపించాను. బానెట్ ఎత్తి, ఏదీ ముట్టుకోకుండానే "వైరింగు మొత్తం పోయింది, 2,500 అవుతుంది" అన్నాడు. నమ్మబుద్ధి కాలేదు. మా అబ్బాయి ఫోనులో వెతికి 290 రూపాయలకు అద్దం మీదికి నీళ్లు చిమ్మే మోటారు ఒకటి తెప్పించాడు. డబ్బా విప్పితే దానికి రెండు నీటి మూతులున్నాయి. ముందు అద్దానికీ వెనుక అద్దానికీ ఒకే మోటారుతో నీళ్లు చిమ్మే కార్లకు పెట్టే రకం అది. నా బండికి వెనుక ఉన్నది మామిడి కాయల తొట్టి. వెనక్కి పంపే గడువేమో కాయల హడావిడిలో దాటిపోయింది.

ఇక లాభం లేదని చిత్తూరు వెళ్లాను. వేలూరు వైపు వెళ్లే రోడ్డులో ఒక చిన్న స్పేర్ పార్టుల దుకాణం. బోర్డు మీద అక్షరాలు ఎండకు వెలిసిపోయాయి. లోపల గోడకు వేసిన అట్ట మీద మాత్రం స్పష్టంగా రాసి ఉంది: కరెంటు సామాను వాపసు తీసుకోము. ఆన్‌లైన్‌లో ఒకసారి కాలింది కదా, ఆ అట్ట చూసి నాకు కాస్త బెరుకు పుట్టింది.

కౌంటరు వెనుక పెద్దాయన నా వంక చూడకుండానే, తమిళపు యాస కలిసిన తెలుగులో "పాతది తెచ్చారా?" అన్నాడు. తేలేదన్నాను. బండి మోడల్ చెప్పాను, సంవత్సరం చెప్పాను, ఫోనులో ఫొటో చూపించబోయాను. "ఫొటో వద్దు సార్. మీట లాగితే గుయ్‌మని మోత వస్తోందా, లేదా?" అని అడిగాడు. మోత కూడా లేదన్నాను. మోత వస్తూ నీళ్లు రాకపోతే మోటారును వదిలేసి పైపు, నీళ్లు బయటికి చిమ్మే నాజిల్ చూసుకోవాలట. మోతే లేకపోతే మొదట ఫ్యూజు చూడాలి, ఆ తరువాత మోటారు దగ్గర వైర్ల టోపీ ఊడదీసి, మీట లాగి పట్టుకుని, టెస్టరు బల్బు పెట్టాలి. బల్బు వెలిగిందంటే వైరింగు బాగానే ఉన్నట్టు, మోటారు చచ్చినట్టు. వెలగకపోతే మోటారు కొని ఉపయోగం లేదు. ఇంత చెప్పి, "చూసుకుని, పాతది ఊడదీసి తీసుకురండి" అని వేరే గిరాకీ వైపు తిరిగాడు. కోపం రాలేదంటే అబద్ధం. చేతిలో డబ్బు పెట్టుకుని వచ్చినవాణ్ణి ఉత్త చేతులతో పంపించాడు.

ఇంటికెళ్లి చూస్తే ఫ్యూజు బాగుంది. బల్బు భేషుగ్గా వెలిగింది. రెండున్నర వేల వైరింగు అక్కడికక్కడే మిగిలిపోయింది.

బ్యాటరీ నెగెటివ్ తీసేసి, పది నంబరు స్పానరుతో నీళ్ల డబ్బా బోల్టులు మూడూ విప్పాను. ఒకటి తుప్పు పట్టి మొరాయించింది, దాని మీద కిరోసిన్ పోసి ఒక పూట వదిలేశాను. డబ్బా చేతికొచ్చాక అడుగున చూస్తే, మా ఇంట్లో నీళ్లు కాచే తపేలా గుర్తొచ్చింది. అదే తెల్లటి సున్నపు పొర, దాని మీద పచ్చగా పాచి. మాది బోరు నీళ్లు. పదహారేళ్లుగా అవే పోస్తున్నాను, పైగా నురగ వస్తుందని అప్పుడప్పుడూ ఒక షాంపూ ప్యాకెట్టు కూడా. మోటారు డబ్బా అడుగున రబ్బరు బుష్షులో దిగి ఉంటుంది. ఊపుతూ లాగితే వచ్చేసింది. దాని మూతిలో జల్లెడ ఉండవలసిన చోట తెల్లటి బిళ్ల గట్టిగా పట్టుకుని ఉంది. గోటితో గీకితే సుద్దలా రాలింది. నీళ్లు అందక వట్టిగా తిరిగి తిరిగి కాలిపోయి ఉంటుంది పాపం.

రెండోసారి వెళ్లినప్పుడు పెద్దాయన పాత మోటారు తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. కాలిన వాసన వచ్చినట్టుంది, తల ఊపాడు. బుష్షును రెండు వేళ్లతో వంచితే పగుళ్లు కనబడ్డాయి. లోపలికెళ్లి మూడు రకాలు తెచ్చి వరుసగా పెట్టాడు. కంపెనీది 940, మధ్యది 380, పెట్టె మీద పేరు కూడా లేనిది 180. నేను కంపెనీదాని మీద చెయ్యి వేయబోతే, "పాత బండికి మధ్యది చాలు సార్" అన్నాడు. ఎక్కువ ధరది అమ్ముకునే అవకాశం చేతిలో ఉండి వద్దన్న వ్యాపారిని ఈ మధ్య కాలంలో చూడలేదు.

ఆ తరువాత చేసిన పనికి మాత్రం నేను పూర్తి మార్కులు వేస్తాను. బల్ల కింద పాత బ్యాటరీ ఒకటి ఉంది. ప్లాస్టిక్ మగ్గులో నీళ్లు పోసి, మోటారు మూతి అందులో ముంచి, రెండు వైర్లు బ్యాటరీకి తాకించాడు. నీళ్ల ధార నేరుగా ఎదుటి గోడ మీది క్యాలెండరులో వేంకటేశ్వర స్వామి పాదాలను తాకింది. కింద తడిసి ఉబ్బిన కాగితం చూస్తే, అక్కడ అభిషేకం రోజూ జరుగుతున్నట్టే ఉంది. వాపసు లేదన్న అట్ట ఎందుకో అప్పుడు అర్థమైంది. ఎదుట తిప్పి చూపించనిది ఆయన చేతికివ్వడు. కొత్త బుష్షు 20, మీటరు పైపు 40 కలిపి 440 అయింది. బేరం ఆడితే వినబడనట్టు ఊరుకున్నాడు.

లోపం కూడా చెప్పాలి. కొత్త మోటారు వైర్ల టోపీ నా బండి టోపీకి సరిపోలేదు. కోసి, వైరుకు వైరు కలిపి టేపు చుట్టాల్సి వచ్చింది. పాతది చేతిలో ఉండి కూడా ఆయన ఈ మాట చెప్పలేదు. ఏ వైరు ఎటో కూడా చెప్పలేదు, నేనూ అడగలేదు. డబ్బాను రాత్రంతా వెనిగర్‌లో నానబెట్టి కడిగి, బుష్షుకు సబ్బునీళ్లు రాసి మోటారును నొక్కి దించి, అంతా బిగించి మీట లాగితే, మోత గట్టిగా వచ్చింది కానీ నాజిల్ దగ్గర నీళ్లు జొల్లు కారినట్టు కారాయి. పైపు మడత పడిందేమోనని గంటసేపు వెతికాను. చివరికి మోటారు అడుగున చూస్తే, బియ్యపు గింజంత ప్లస్ గుర్తు ఉంది. వైర్లు తారుమారయ్యాయి. అలా కలిపినా మోటారు తిరుగుతుంది, కాకపోతే లోపలి రెక్కలు ఎదురు తిరగడం వల్ల నీళ్లు తొయ్యలేదు. వైర్లు మార్చి మళ్లీ లాగాను. ఈసారి ధార అద్దాన్ని కూడా దాటి, తొట్టి పక్కన నిలబడి బీడీ కాల్చుకుంటున్న మా నాన్న మీద పడింది. ఆయన ఏమన్నాడో ఇక్కడ రాయను. గుండుసూదితో నాజిల్ మూతిని కిందికి తిప్పి సరిచేశాను.

ఇప్పుడు కార్తీక మాసం. మాకు అసలు వానలు ఇప్పుడే. నాలుగు నెలలుగా మోటారు ఒక్కసారి కూడా మొరాయించలేదు. ఎఫ్‌సీ కూడా అయిపోయింది. మోత మాత్రం పాతదానికి రెట్టింపు, రాత్రిపూట లాగితే పక్కవాడు ఉలిక్కిపడి లేస్తాడు. డబ్బాలో బోరు నీళ్లు మానేసి, క్యాను నీళ్లు పోస్తున్నాను. డబ్బా ఖాళీగా ఉందని అనుమానం వస్తే మీట జోలికి పోవడం లేదు.

దుకాణం మధ్యాహ్నం ఒంటిగంటన్నర నుంచి నాలుగు దాకా మూసే ఉంటుంది, ఎంత కొట్టినా షట్టరు తెరవరు. దూరం నుంచి వచ్చేవాళ్లు పొద్దున్నే వెళ్లండి. నేను కూడా వచ్చే వారం మళ్లీ వెళ్లాలి. ఆ ఇరవై రూపాయల బుష్షు దగ్గర కొద్దిగా చెమ్మ ఊరుతోంది, తెల్లవారి చూస్తే బండి కింద అరచేయంత తడి. పాత బుష్షు డ్యాష్‌బోర్డు అరలోనే పెట్టుకున్నాను.