కొట్టొచ్చు, కొట్టొద్దు: 'డిలీట్ ఫర్ ఎవ్రీవన్' ఏడేళ్లు వాడాక

మనం పెట్టిన మెసేజ్‌ను అందరి ఫోన్లలోంచీ తీసేసే ఈ ఆప్షన్ వాట్సాప్‌లో 2017 చివర్లో వచ్చింది. ఎక్కడుంటుందో, ఎలా నొక్కాలో అందరికీ తెలుసు కాబట్టి అవన్నీ వదిలేస్తున్నాను. నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. నలుగురూ నమ్మి పని మొదలుపెట్టే మాటను, రాసినవాళ్లే మాయం చేసే వీలు ఉండాలా? ఉండకూడదనే అంటాను. మా బాబాయి చేలో ఎకరంన్నర మిరప మాడిపోయాక ఈ మాట అంటున్నాను.

మొదట్లో ఇదంటే నాకు చాలా ఇష్టం. 2018లో మా ఆవిడకి పంపాల్సిన బ్యాంకు పాసుబుక్కు ఫొటో పొరపాటున రైతుల గ్రూపులో పెట్టేశాను. నూట ఎనభై మంది ఉన్న గ్రూపు, పైగా నేనే అడ్మిన్ని. ఒళ్లంతా చెమటలు పట్టాయి. నిమిషంలోపే తీసేశాను. ఇంతకంటే మంచి ఆప్షన్ ఫోన్‌లో లేదని చాలామందికి చెప్పాను. ఆ నిమిషంలోనే ఇద్దరు చూశారని తర్వాత తెలిసింది. వాళ్లు మంచివాళ్లు కాబట్టి సరిపోయింది. ఎవరైనా దాన్ని ఇంకొకరికి ఫార్వర్డ్ చేసి ఉంటే, నేను ఇక్కడ తీసేసినా ఆ కాపీ అక్కడే ఉండిపోయేది.

ఇక అసలు సంగతి. 2021 చివర్లో గుంటూరు, ఖమ్మం, వరంగల్ వైపు మిరపకు నల్ల తామర పురుగు పట్టింది. మిరప వేసినవాళ్లెవరూ ఆ ఏడాదిని మర్చిపోరు. పువ్వు విప్పి చూస్తే లోపలంతా పురుగే. పూత నిలవలేదు, ఎన్ని మందులు కొట్టినా లొంగలేదు, కొందరైతే తోటలే పీకేశారు. మా గ్రూపులో రాత్రీ పగలూ అదే చర్చ. నీలం రంగు జిగురు అట్టలు ఎక్కడ దొరుకుతాయి, వేపనూనె ఎంత పోయాలి, ఏ మందులో ఏది కలపాలి. అందరిదీ ఒకటే టెన్షన్. ఎవరు ఏం చెప్పినా చేసేద్దామన్నట్టు ఉండేది.

డిసెంబరులో ఒకరోజు తెల్లవారుజామున, బాగా అనుభవం ఉన్న రైతు ఒకాయన గ్రూపులో ఒక మెసేజ్ పెట్టాడు. బండి మీద పొలానికి పోతూ మైకులో మాట్లాడి టైపు చేయించాడు. ఆయన అన్నది 'గంధకం, వేపనూనె కలిపి కొట్టొద్దు' అని. ఫోన్ రాసింది 'కలిపి కొట్టొచ్చు' అని. తేడా ఒక్క అక్షరం. నూనె, గంధకం కలిస్తే ఆకు మాడుతుందని తెలిసినవాళ్లకు తెలుసు. బూడిద తెగులుకు గంధకం, పురుగుకు వేపనూనె, రెండూ ఒకేసారి అయిపోతే ఒక కూలి మిగులుతుంది కదా అని తెలియనివాళ్లు అనుకుంటారు. మా బాబాయి అలాగే అనుకున్నాడు. చదివిన వెంటనే పొలానికి పోయి, ఎండ ఎక్కేలోపు ఎకరంన్నర కొట్టేశాడు.

అరగంట తర్వాత ఆ రైతు తన తప్పు చూసుకుని మెసేజ్ తీసేశాడు. నేను లేచి చూసేసరికి అక్కడ 'ఈ సందేశం తొలగించబడింది' అని మాత్రమే ఉంది. ఎవరో గుడ్ మార్నింగ్ ఫొటో రెండుసార్లు పెట్టి ఒకటి తీసేసి ఉంటారనుకుని వదిలేశాను.

నాలుగు రోజులకు బాబాయి మా ఇంటికి వచ్చి చేతిలో ఆకులు పెట్టాడు. అంచులన్నీ కాలినట్టు ఎండిపోయి ఉన్నాయి. ఏం కొట్టావని అడిగితే చెప్పాడు. "అట్లా ఎవరన్నా కలుపుతారా బాబాయ్?" అన్నాను. "గ్రూపులో కొట్టొచ్చని పెట్టింది చూసే కొట్టినా గదరా," అన్నాడు.

నేను గ్రూపులో అడిగాను. చదివినవాళ్లు చాలామందే ఉన్నారు కానీ, అందులో ఏముందో ఖాయంగా చెప్పినవాళ్లు ఒక్కరూ లేరు. 'కొట్టొద్దనే ఉంది, ఆయనకు చదవడం రాక తప్పుగా అర్థం చేసుకున్నాడు' అని ఒకరన్నారు. ఇంకో ఇద్దరు అదే నిజమన్నారు. బాబాయి ఐదో తరగతి వరకే చదివాడు, నిజమే. కానీ పేపరు రోజూ చదువుతాడు. ఆ మాట విన్నాక ఆయన గ్రూపులోంచి వెళ్లిపోయాడు. పంట పోయినందుకంటే అందుకే నాకు ఎక్కువ బాధ కలిగింది. తన తప్పేమీ లేదని చూపించడానికి ఆయన చేతిలో ఏమీ లేకుండా పోయింది.

రెండు రోజుల తర్వాత ఆ రోజు మెసేజ్‌లన్నీ ఒక్కొక్కటిగా వెతికాను. పక్క ఊరి కుర్రాడు ఒకడు ఆ మెసేజ్‌కి రిప్లై ఇస్తూ 'రెండూ ఒకే ట్యాంకులోనా అన్నా?' అని అడిగి ఉన్నాడు. అసలు మెసేజ్ పోయినా, రిప్లై పైన చిన్న పెట్టెలో ఆ మాట అలాగే ఉంది. 'కలిపి కొట్టొచ్చు.' అది ఫొటో తీసి గ్రూపులో పెట్టాను. నా ఏడేళ్ల వాడకంలో ఈ యాప్ నన్ను సంతోషంతో ఆశ్చర్యపరిచింది ఆ ఒక్కసారే.

ఆ రైతు అదే సాయంత్రం బాబాయి ఇంటికి వచ్చాడు. "సరిచేసి మళ్లీ పెడదామనే తీసేశాను. ఇంతలో ఫోన్ వచ్చింది, ఆ తర్వాత మర్చిపోయాను," అన్నాడు. ఆయన మాటను నేను నమ్ముతాను. తప్పు యాప్ మీదా వేయను. కానీ ఆ మెసేజ్ తీసేయకుండా కింద 'ఇది తప్పు, కలపొద్దు' అని రాసి ఉంటే, బాబాయి ట్యాంకు నింపుతూ ఒకసారి ఫోన్ చూసుకున్నా ఆగిపోయేవాడు. తీసేస్తే తర్వాత వచ్చినవాళ్లు బతికారు. అప్పటికే చదివి వెళ్లినవాళ్లకు అది తప్పని తెలిసే దారే లేకుండా పోయింది.

అప్పట్లో తీసేయడానికి గంటా 8 నిమిషాల గడువు ఉండేది. 2022 ఆగస్టులో దాన్ని రెండు రోజుల 12 గంటలకు పెంచారు. పెళ్లి ముచ్చట్ల గ్రూపులో ఆ గడువు మంచిదే కావచ్చు. మా గ్రూపులో మాత్రం, మందు కొట్టి ఆకు వాడిపోవడం కళ్లారా చూశాక కూడా సలహాను తీసేసుకోవచ్చన్నమాట. 2023లో ఎడిట్ వచ్చింది, 15 నిమిషాల్లోపు అక్షరం సరిచేసుకోవచ్చు. అది నిజంగా పనికొచ్చింది. కానీ ఎడిట్ చేశారని తెలుస్తుంది, ముందు ఏముందో తెలియదు. టెలిగ్రామ్‌లో అయితే తీసేసిన ఆనవాలు కూడా మిగలదు. కాబట్టి ఆ 'తొలగించబడింది' అనే ముక్కను నేను తక్కువ చేసి మాట్లాడను. అది ఉండబట్టే ఆ రోజు ఎక్కడ వెతకాలో తెలిసింది.

మా గ్రూపులో ఇప్పుడు ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. మందు గురించి, ధర గురించి పెట్టింది తీసేయకూడదు, తప్పయితే దానికే రిప్లై ఇచ్చి తప్పని రాయాలి. సొంత ఫొటోలు, ఇంటి సంగతులు, కోపంలో అన్న మాటలు ఎవరివి వాళ్లు తీసేసుకోవచ్చు. ఆ హక్కు ఉండాల్సిందే, పాసుబుక్కు రోజు నేను వాడుకున్నది అదే కదా. మీ గ్రూపులో ఎవరి మాట మీదా ఎవరి పంటా ఆధారపడి లేకపోతే, ఈ ఆప్షన్ మీకు మంచిదే కావచ్చు. నాది మిరప గ్రూపు, నాకు వద్దు.

ఆ ఏడాది బాబాయి తోటలో నష్టం ఈ మందువల్ల ఎంత, పురుగువల్ల ఎంత అని విడదీసి చెప్పలేను. మొదటి కోత మాత్రం రాలేదు. ఆయన మళ్లీ గ్రూపులోకి వచ్చాడు కానీ, ఏ మెసేజ్ చూసినా పెట్టినవాళ్లకు ఫోన్ చేసి, నోటితో చెప్పించుకున్నాకే మందు కలుపుతాడు. ఆ కుర్రాడి ప్రశ్నకు నేను స్టార్ పెట్టుకున్నాను. ఈమధ్య ఫోన్ మార్చినప్పుడు అన్నిటికంటే ముందు అది వచ్చిందో లేదో చూసుకున్నాను.