రైడ్స్ ఎక్కకపోయినా పర్లేదు, బిల్డింగ్స్ కోసం వెళ్ళండి: డిస్నీ కాలిఫోర్నియా అడ్వెంచర్

కాలిఫోర్నియాలోని అనహైమ్‌లో డిస్నీల్యాండ్ ఎదురుగానే ఉండే ఈ పార్క్ గురించి మనవాళ్ళు ఏం రాసినా రైడ్స్, క్యూలు, టికెట్ రేట్లే, బిల్డింగ్స్ గురించి ఎవరూ చెప్పట్లేదు. ఇండియా నుంచి అమ్మానాన్న వచ్చారు, మోకాళ్ళ నొప్పులు, బీపీ, ఏ రైడూ ఎక్కలేరు, అంత డబ్బు పెట్టి తీసుకెళ్ళడం ఎందుకు అని ఆగిపోయే వాళ్ళ కోసమే ఇది రాస్తున్నా.

2001లో తెరిచినప్పుడు ఈ పార్క్ ఇలా లేదు. గేటు ముందు కాలిఫోర్నియా అని పెద్ద పెద్ద అక్షరాలు, లోపలికెళ్తే గోల్డెన్ గేట్ వంతెన నకలు, ఆ వెనక లోహంతో చేసిన సూర్యుడు. అసలు వంతెన అదే రాష్ట్రంలో నిక్షేపంగా ఉంటే దాని బొమ్మ చూడ్డానికి ఎవరొస్తారు, అనుకున్నంత జనం రాలేదు. 2007లో సుమారు 1.1 బిలియన్ డాలర్లతో మారుస్తామని చెప్పి, 2012 జూన్‌కల్లా ఎంట్రన్స్ రూపమే మార్చేశారు.

ఇప్పుడక్కడ ఉన్నది బ్యూనా విస్టా స్ట్రీట్, అంటే 1920లు, 30ల నాటి లాస్ ఏంజిలిస్. గేటుకి పెట్టిన ముఖం ఒకప్పుడు ఆ ఊళ్ళో ఉన్న పాన్ పసిఫిక్ ఆడిటోరియంది, అసలుది 1989లో కాలిపోయింది. వీధి చివర టవర్ ఉన్న బిల్డింగ్ కార్తే సర్కిల్ థియేటర్ లెక్కలో కట్టింది, 1937లో డిస్నీ కార్టూన్ సినిమా స్నో వైట్ మొదటి షో పడింది ఆ అసలు థియేటర్‌లోనే, దాన్ని 1969లో కూల్చేశారు. నాకు బాగా నచ్చింది ఇదే, ఈ రెండూ ఊళ్ళో లేకుండా పోయినవే, వాటినే మళ్ళీ కట్టారు, అందుకే నకలు చూస్తున్నట్టు ఉండదు. రామోజీ ఫిల్మ్ సిటీలో సెట్ కెమెరా వైపు బాగుంటే చాలు, ఇక్కడ జనం చుట్టూ తిరుగుతారు కాబట్టి పక్క గోడ కూడా కుదరాలి, కుదిరింది. షాపుల అద్దాలు చూసి వచ్చేయకుండా తలెత్తి పై అంతస్తు కిటికీలు, బోర్డులు చూడండి.

కార్స్ సినిమాలోని ఊరిలా కట్టిన కార్స్ ల్యాండ్ 12 ఎకరాలు. వెనకున్న ఎర్ర కొండల శిఖరాలు పాత కాడిలాక్ కార్ల తోక రెక్కల్లా చెక్కారు, ఇనుప చట్రం మీద సిమెంట్ పూసి చేసినవని చెప్తే తప్ప తెలీదు. వీధి మొత్తం, కొత్త హైవే పక్కనుంచి పోయాక వెలవెలబోయిన రూట్ 66 అనే పాత అమెరికన్ రోడ్డు మీది ఊళ్ళ లెక్కలో ఉంటుంది. పొద్దుగూకే టైమ్‌కి నియాన్ లైట్లు వేస్తారు, అది మాత్రం మిస్ అవ్వొద్దు.

అన్నీ ఇదే లెవెల్లో లేవు. హాలీవుడ్ వీధి చివర గోడ మీద ఆకాశం పెయింట్ చేశారు, నడిమధ్య నిలబడితే బ్రహ్మాండం, పక్కకి జరిగితే గోడని తెలిసిపోతుంది. ఇంకోటి, పాత హోటల్‌లా ఉండే ఎత్తైన టవర్‌ని 2017లో గార్డియన్స్ ఆఫ్ ద గెలాక్సీ అనే మార్వెల్ సినిమా రైడ్‌కి మార్చి పైపులు, రంగులు తగిలించారు. రైడ్ సంగతి అలా ఉంచండి, 1930ల ఇళ్ళ కప్పుల మీదుగా అది కనిపిస్తుంటే బ్యూనా విస్టా స్ట్రీట్ మీద పడ్డ కష్టమంతా పాడవుతోంది, మళ్ళీ మారిస్తే ముందు ఆ ముఖమే మార్చాలి.

పెద్దవాళ్ళతో అయితే పార్క్ హాపర్ (ఒకే రోజు రెండు పార్కులూ తిరిగే టికెట్) జోలికి పోకండి, అటూ ఇటూ తిరగడంతోనే అలిసిపోతారు. ఈ ఒక్కదానికే టికెట్ తీసుకుని మధ్యాహ్నం ఎండ తగ్గాక లోపలికెళ్ళండి.