తులంబెన్‌లో ఒక రాత్రి నిద్ర చేయండి

బాలి వెళ్ళే మనవాళ్ళలో డైవింగ్ సరదా ఉన్నవాళ్ళు కూడా దక్షిణాన ఉన్న కూటాలోనో సెమిన్యాక్‌లోనో దిగి, ఒకరోజు కారు మాట్లాడుకుని, ఈశాన్య తీరంలో మునిగి ఉన్న ఓడ చూడ్డానికి తులంబెన్ అనే ఊరికి పోయొస్తుంటారు. ఆ పద్ధతి నాకు నచ్చలేదు. దారి రెండున్నర, మూడు గంటలు. ఆ కార్లన్నీ చేరేసరికి పొద్దెక్కుతుంది, ఓడ చుట్టూ చేపలకన్నా మనుషులే ఎక్కువ కనిపిస్తారు. అదే రాత్రి అక్కడే ఉండి, తెల్లారగానే నీళ్ళలో దిగితే నుదుటి మీద బొడిపె ఉన్న పెద్ద పెద్ద చిలకచేపలు గుంపుగా ఎదురుపడతాయి.

ఆ ఓడ యు.ఎస్.ఏ.టి. లిబర్టీ, అమెరికా సైన్యం సరుకుల ఓడ. 1942 జనవరి 11న లాంబోక్ జలసంధి దగ్గర జపాన్ జలాంతర్గామి టార్పెడోతో కొట్టింది. సింగరాజా రేవుకు లాక్కెళ్దామంటే లోపలికి నీళ్ళు చేరిపోతున్నాయి, దాంతో తులంబెన్ ఒడ్డుకు ఎక్కించేశారు. 1963లో అగుంగ్ అగ్నిపర్వతం బద్దలయ్యే దాకా ఒడ్డునే ఉంది, అప్పుడు సముద్రంలోకి జారి పక్కకు ఒరిగింది. పొడవు సుమారు 120 మీటర్లు. పైభాగం ఐదారు మీటర్ల లోతులోనే ఉండటంతో స్నార్కెల్ (ఊపిరి గొట్టం)తో తేలుతూ కూడా చూడొచ్చు. అడుగుభాగం 30 మీటర్ల దాకా పోతుంది, దానికి డైవింగ్‌లో అడ్వాన్స్‌డ్ సర్టిఫికెట్ కావాలి. ఓపెన్ వాటర్ అనే మొదటి సర్టిఫికెట్ మాత్రమే ఉన్నవాళ్ళు 18 మీటర్లలో ఆగిపోయినా తనివి తీరుతుంది. ఇనుమంతా పగడాలు, స్పాంజీలు అల్లుకుపోయాయి.

పడవ అక్కర్లేదు, ఒడ్డు నుంచే దిగడం. కానీ ఇసుక కాదు, నల్ల గుండ్రాళ్ళు. అల వచ్చినప్పుడు కాలు నిలవదు, మందపాటి అడుగున్న బూట్లు తప్పనిసరి. గాలి ట్యాంకులు ఊరి ఆడవాళ్ళు నెత్తిన పెట్టుకుని మోసుకొస్తారు. వాళ్ళ చేతిలో నాలుగు డబ్బులు పెట్టండి.

ముందు మాట్లాడుకున్న డైవ్ షాపులో ఒకే గైడ్‌కి బోలెడుమందిని అంటగట్టారు, మర్నాడే వేరే చోటికి మారిపోయాను. నలుగురికి మించకుండా చూసుకోండి. నైట్రాక్స్ (ఆక్సిజన్ పాలు పెంచిన గాలి) ఉంటే అడగండి.

బసకు ఆమెడ్ అనే పక్క ఊరు కూడా దగ్గరే, హోటళ్ళూ తిండీ అక్కడే మెరుగు. పొద్దున్నే దిగాలంటే మాత్రం తులంబెన్‌లో ఒడ్డు పక్క గదే నయం. శాకాహారులు టెంపే (పులియబెట్టిన సోయా గింజల ముద్ద) తినొచ్చు. గాడో-గాడో చూడ్డానికి ఉత్త కూరగాయలే గానీ, పైన పోసే వేరుశెనగ చట్నీలో రొయ్యల ముద్ద కలుపుతుంటారు, అడిగి తినండి.

ఆఖరి డైవ్ తర్వాత విమానం ఎక్కడానికి కనీసం 18 గంటలు ఆగాలి. అందుకని తులంబెన్ ముందు పెట్టుకుని, గుళ్ళూ షాపింగూ తర్వాతకు ఉంచుకోండి.