మలేషియా ‘ఎంట్రీ పర్మిషన్’ పేరుతో ఎవరికీ డబ్బు కట్టకండి

మలేషియాకో థాయ్‌లాండ్‌కో టికెట్లు తీసుకున్నవాళ్ళు మిగతా ఏర్పాట్లు మొదలుపెట్టే ముందు దయచేసి ఇది చదవండి. దసరా సెలవుల్లో మాకు 14,300 రూపాయల పైచిలుకు పోయింది. డబ్బు పోతే పోయింది, మా నలుగురి పాస్‌పోర్టుల మొదటి పేజీ ఫోటోలు ఎవరి చేతిలోనో ఉండిపోయాయి. నాకు ఇప్పటికీ అదే బెంగ.

మాది అమలాపురం దగ్గర పల్లె. నాన్నగారికి 67, అమ్మకు 61. ఇద్దరూ విమానం ఎక్కడం ఇదే మొదలు. వీసా అనగానే అమ్మకు మా పిన్ని కువైట్ వెళ్ళినప్పుడు పడ్డ అవస్థే గుర్తొస్తుంది. అందుకే ఆ మాటే లేని దేశం చూశాను. మలేషియా 2023 డిసెంబరు 1 నుంచి మనవాళ్ళకు 30 రోజుల వరకు వీసా లేకుండా రానిస్తోంది. ఆ వెసులుబాటును 2026 చివరిదాకా పొడిగించారు. మేం వెళ్ళినప్పుడు విశాఖ నుంచి కౌలాలంపూర్‌కి నేరుగా విమానం ఉండేది, పైగా బటు గుహల దగ్గర సుబ్రహ్మణ్యస్వామిని చూడాలని అమ్మకు ఎప్పటినుంచో కోరిక.

వీసా అక్కర్లేకపోయినా వెళ్ళేముందు డిజిటల్ అరైవల్ కార్డు అని ఒక ఫారం ఆన్‌లైన్‌లో నింపాలి. ఎండాక్ అంటారు. ఆ సంగతి నాకు తెలుసు. నాకు తెలియనిది దానికి ఒక్క పైసా కట్టక్కర్లేదని.

ప్రయాణానికి ఇరవై రోజుల ముందే ఫోన్లో వెతికాను. అన్నిటికన్నా పైన వచ్చిన సైటు తెరిచాను. మలేషియా జెండా, రాజముద్రలాంటి బొమ్మ, నీలం రంగు బటన్లు, చూడగానే సర్కారు సైటే అనిపించింది. పేరు కింద సన్నటి అక్షరాల్లో ‘స్పాన్సర్డ్’ అని ఉందని తర్వాత మళ్ళీ వెతికితే కనబడింది. ఒక్కొక్కరికి 39 డాలర్లు ‘ప్రాసెసింగ్ ఫీజు’ అడిగారు. నలుగురికి 156 డాలర్లు. కార్డు పనిచేయకపోతే బ్యాంకు యాప్‌లోకి వెళ్ళి ఇంటర్నేషనల్ ట్రాన్సాక్షన్లు నేనే ఆన్ చేశాను. ఓటీపీ కూడా అడగలేదు, నెంబరు కొట్టగానే డబ్బు వెళ్ళిపోయింది. బయటి దేశాల సైట్లు చాలావరకు ఓటీపీ అడగవు. మీ కార్డులో ఇంటర్నేషనల్ ట్రాన్సాక్షన్లు ఆన్‌లో ఉంటే ఇప్పుడే ఆఫ్ చేయండి.

రెండు రోజులకు నాలుగు పీడీఎఫ్‌లు వచ్చాయి. పేరు, పాస్‌పోర్టు నెంబరు, మూలన గీతల బొమ్మ అన్నీ ఉన్నాయి. ప్రింట్లు తీయించి ప్లాస్టిక్ కవర్లో పెట్టాను.

ప్రయాణం రోజు మధ్యాహ్నం కారులో బయల్దేరి చీకటి పడే వేళకు విశాఖ చేరాం. కౌంటర్లో అమ్మాయి పాస్‌పోర్టులు తీసుకుని ఎండాక్ చూపించమంది. కవర్ ఇచ్చాను. రెండు కాగితాలు తిరగేసి, “సర్, ఇది ఎండాక్ కాదండి. అప్లికేషన్ అందిందని ఎవరో ఇచ్చిన రసీదు. మీ పేరు మీద రిజిస్ట్రేషన్ లేదు” అంది. అది లేకపోతే బోర్డింగ్ పాస్ ఇవ్వలేనని చెప్పింది. కౌంటర్ మూయడానికి ఇంకా 50 నిమిషాలు ఉంది. నాకు చెమటలు పట్టాయి. నాన్నగారు “ఏమంటోందిరా?” అని రెండుసార్లు అడిగారు. జవాబు చెప్పలేకపోయాను.

మా వెనక వరసలో రాజోలు వైపు కుర్రాడొకడు ఉన్నాడు. మలేషియాలో పనిచేస్తాడట, నాలుగుసార్లు వెళ్ళొచ్చాడు. “కంగారుపడకండన్నా, ఇక్కడే అయిపోతుంది” అని నా ఫోన్ తీసుకుని అసలు సైటు తెరిచి ఇచ్చాడు. అది మలేషియా ఇమిగ్రేషన్ శాఖ సైటు. అడ్రసులో ‘డాట్ గవ్ డాట్ ఎంవై’ అని ఉంటుంది, డబ్బు కట్టే పేజీయే ఉండదు. స్తంభం పక్కన నిలబడి, అమ్మ చేతిలోని ఆత్రేయపురం పూతరేకుల డబ్బా మీద పాస్‌పోర్టులు ఒక్కొక్కటే పెట్టుకుని నింపాను. మా ఆవిడ నెంబర్లు చదువుతుంటే నేను కొట్టడం. చేతులు వణికి నాన్నగారి పుట్టిన తేదీ రెండుసార్లు తప్పు పడింది. హోటల్ పోస్టుకోడ్ అడిగింది, అది బుకింగ్ మెయిల్లో వెతకాల్సి వచ్చింది. నాలుగూ అయ్యేసరికి అరగంట. మెయిల్‌కి నిర్ధారణ వచ్చాక ఆ అమ్మాయి తలూపి బోర్డింగ్ పాసులు ఇచ్చింది. అమ్మ ఆ కుర్రాడికి పూతరేకుల డబ్బా ఇవ్వబోతే ఒక్క మడత మాత్రం తీసుకున్నాడు.

విమానంలో కూర్చున్నాక గానీ అసలు మోసం నాకు అర్థం కాలేదు. ఎండాక్ నింపాల్సింది మలేషియాలో దిగే తేదీకి మూడు రోజుల లోపే. అంతకుముందు అసలు సైటు తీసుకోదు. నేను ఇరవై రోజుల ముందు డబ్బు కట్టిన రోజున నా పేరు మీద ఎండాక్ తీయడం ఎవరివల్లా కాదు. ‘ఇప్పుడే అప్లై చేయండి, రెండు రోజుల్లో ఆమోదం’ అని ఏ సైటయినా అందంటే అక్కడే ఆగిపోండి. ఆ ఒక్క గుర్తు నాకు ముందే తెలిసుంటే ఆ రాత్రి అమ్మానాన్నల మొహాలు అలా చూడాల్సి వచ్చేది కాదు.

థాయ్‌లాండ్‌ది కూడా ఇదే పద్ధతి. మన వైపు రొయ్యల మేత కంపెనీలు టార్గెట్ కొట్టిన డీలర్లను బ్యాంకాక్ తీసుకెళ్తుంటాయి కాబట్టి ప్రత్యేకంగా రాస్తున్నాను. 2025 మే 1 నుంచి అక్కడ కూడా డిజిటల్ అరైవల్ కార్డు తప్పనిసరి. అదీ ఉచితమే, అదీ దిగే తేదీకి మూడు రోజుల లోపే. అసలు సైటు అడ్రసులో ‘డాట్ గో డాట్ టీహెచ్’ ఉంటుంది. అన్ని దేశాల్లోనూ ఉచితమనుకోకండి. కెన్యా 2024 జనవరి నుంచి వీసా తీసేసింది గానీ దాని బదులు ఈటీఏ అనే ముందస్తు అనుమతి పెట్టి 30 డాలర్లు తీసుకుంటోంది. అక్కడ కట్టాల్సింది ఆ ప్రభుత్వ సైటుకే.

డబ్బు తీసుకునేది సైట్లే అనుకోవద్దు. నేను తిరిగొచ్చాక తెలిసింది, మా దగ్గరి టౌన్లో టికెట్లు తీసే ఒకాయన ‘మలేషియా ఎంట్రీ పర్మిషన్’ అని మనిషికి 1,500 తీసుకుంటున్నాడట. నింపిపెట్టినందుకు వంద రూపాయలు తీసుకుంటే అది కష్టానికి కూలి, ఎవరూ కాదనరు. ప్రభుత్వ ఫీజు అని చెప్పి తీసుకుంటే మాత్రం రసీదు అడగండి.

పాస్‌పోర్టు గురించి కూడా. దిగే రోజు నుంచి కనీసం ఆరు నెలలు గడువు ఉండాలి. తిరుగు టికెట్, హోటల్ బుకింగ్, ఖర్చులకు డబ్బు ఉన్నట్టు రుజువు దగ్గర పెట్టుకోండి, అక్కడి ఇమిగ్రేషన్ వాళ్ళు అడగొచ్చు. గోదావరి లంకల్లో ఉండేవాళ్ళు పాస్‌పోర్టు ఒకసారి తీసి చూసుకోండి. వరద నీటికి తడిసి పేజీలు ఉబ్బినా, ఫోటో మసకబారినా విమానం ఎక్కనివ్వకపోవచ్చు. ముందుగానే భీమవరం పాస్‌పోర్టు సేవా కేంద్రానికి వెళ్ళి కొత్తది తీసుకోవడం మేలు. పదో తరగతి లేనివాళ్ళలో 18 నుంచి 50 ఏళ్ళ మధ్యవాళ్ళ పాస్‌పోర్టు మీద సాధారణంగా ఈసీఆర్ ఉంటుంది, అంటే కొన్ని దేశాలకు పనికి వెళ్ళాలంటే ముందుగా మన ప్రభుత్వ అనుమతి (ఎమిగ్రేషన్ క్లియరెన్స్) కావాలని. మలేషియా, థాయ్‌లాండ్ రెండూ ఆ దేశాల జాబితాలోనివే. పనికి వెళ్ళేవాళ్ళకే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాలి. చూడటానికి వెళ్ళొచ్చేవాళ్ళకు అక్కర్లేదు గానీ తిరుగు టికెట్ చేతిలో ఉండాలి.  

ముక్తినాథ్ యాత్రకు పెద్దవాళ్ళను పంపేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోండి. నేపాల్‌కు మనకు వీసా లేదు. అలాగని ఆధార్ జేబులో వేసుకుని విమానం ఎక్కలేరు. 15 ఏళ్ళ లోపు పిల్లలకు, 65 దాటినవాళ్ళకు తప్ప ఆధార్ చెల్లదు. పాస్‌పోర్టో ఓటరు కార్డో ఉండాలి. ఆయనకు 67, ఆవిడకు 61 అయితే ఆయన వెళ్ళిపోతారు, ఆవిడ ఆగిపోతారు.

నా డబ్బు సంగతి: ఆ సైటుకు ఐదు మెయిళ్ళు పెట్టాను. ‘సర్వీసు పూర్తయింది, రిఫండ్ వర్తించదు’ అని ఒకే జవాబు. బ్యాంకులో డిస్ప్యూట్ వేస్తే మీరే కట్టారు కదా అన్నారు. మళ్ళీ రాతపూర్వకంగా ఇచ్చాను. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, సైబర్ క్రైమ్ పోర్టల్లోనూ ఫిర్యాదు నమోదు చేశాను. మీలో ఎవరైనా ఇలాంటి సైటుకు కట్టి ఉంటే ఆ రోజే 1930కి చేయండి. నేను తిరిగొచ్చాక చేశాను, అప్పటికి డబ్బు కట్టి ఇరవై రోజులు దాటింది.

బటు గుహల 272 మెట్లూ అమ్మ ఎక్కింది. పోయిన ఆదివారం మా పెదనాన్నగారబ్బాయి వాళ్ళు కౌలాలంపూర్ వెళ్తుంటే అరుగు మీద కూర్చుని ముగ్గురికీ ఎండాక్ నింపాం. మనిషికి ఆరేడు నిమిషాలు పట్టింది. ఎవరికైనా సాయం కావాలంటే సాయంత్రం ఆరు తర్వాత ఇంటి దగ్గరే ఉంటాను, పాస్‌పోర్టు, టికెట్, హోటల్ అడ్రసు పట్టుకుని రండి.