ఎంఎంఆర్, చికెన్‌పాక్స్: ఒకే రోజు రెండు సూదులా, నెల ఆగి ఇంకోటా?

"రెండూ ఒకే రోజు ఎలా వేయించావక్కా, పసివాడు కదా?" మా రాయగడ వీధిలో ముగ్గురు అడిగారు. పార్వతీపురం నుంచి ఫోన్లో ఇంకో ఇద్దరు. ఒక్కొక్కరికీ చెప్పేకంటే రాసేస్తే నయమనిపించింది. నేను డాక్టర్ని కాదు. మా పిల్లల డాక్టర్ని విసిగించి తెలుసుకున్నదీ, తర్వాత చదివిందీ రాస్తున్నాను.

మా వాడికి 15 నెలలు నిండాయి. ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లాకి కలిపి వేసే టీకా) రెండో డోసు, చికెన్‌పాక్స్ మొదటి డోసు వేయించాలి. అడిగేవాళ్ళంతా ఒకే రోజా, విడివిడిగానా అంటున్నారు. అసలు ఉన్నవి మూడు దారులు: ఒకే రోజు, 28 రోజులు ఆగి, ఆ మధ్యలో ఎప్పుడో ఒకప్పుడు. చిక్కంతా ఆ మూడోదానితోనే.

ఈ రెండు టీకాల్లోనూ ఉండేది బలం తగ్గించిన బతికున్న వైరస్. అది ఒంట్లో కాస్త పెరిగితేనే రక్షణ వస్తుంది. అయితే ఒక వైరస్ పెరగడం మొదలవగానే ఒళ్ళు ఇంటర్‌ఫెరాన్ అనే పదార్థాన్ని వదులుతుంది. ఒక వైరస్ ఇంకో వైరస్‌కి ఎందుకు అడ్డుపడుతుందా అని వెతుకుతూనే 1957లో లండన్‌లో ఐజాక్స్, లిండెన్‌మన్ దీన్ని కనిపెట్టారు. ఊళ్ళో దొంగ పడ్డాడంటే జనం కర్రలు పట్టుకుని కాపలా కాస్తారు కదా, ఆ వారంలో వచ్చిన చుట్టాన్ని కూడా పొలిమేరలోనే ఆపేస్తారు. రెండో టీకా సంగతి అంతే. వైరస్ సరిగ్గా పెరగకపోవచ్చు, రక్షణ తగ్గిపోవచ్చు. ఒకే రోజు వెళ్తే మాత్రం కేక పడకముందే ఇద్దరూ ఊళ్ళో ఉంటారు. 28 రోజులు ఆగితే కాపలా ముగిసి జనం ఇళ్ళకు పోయి ఉంటారు.

ఇది ఊహ కాదు. అమెరికాలో 1995-99 మధ్య టీకాలు వేయించుకున్న పిల్లల లెక్కలు 2001లో బయటికొచ్చాయి. ఎంఎంఆర్ వేశాక 30 రోజులు నిండకుండా చికెన్‌పాక్స్ టీకా వేసిన పిల్లల్లో, తర్వాత ఆ జబ్బు వచ్చే రిస్క్ మిగతావాళ్ళకంటే రెండున్నర రెట్లుంది. ఒకే రోజు వేసినవాళ్ళలో అలా పెరగలేదు.

మరి ఒకే రోజా, 28 రోజులు ఆగా? శాస్త్రం లెక్కలో ఈ రెండు టీకాలకీ రెండు దారులూ సరైనవే. నేను తేల్చుకున్నది మా బతుకు చూసి. మాది సరిహద్దు. కాపురం ఒడిశాలో, పుట్టిల్లు ఆంధ్రాలో. పండక్కో, పెళ్ళికో, అమ్మకి ఒంట్లో బాగోలేదనో పిల్లాణ్ణి చంకనేసుకుని రైలెక్కేస్తాం. మావాడికి కార్డులే రెండు: పుట్టినప్పుడు అక్కడిచ్చిన తెలుగు కార్డు, ఇక్కడి ఒడియా కార్డు. ఒకదాంట్లో ఉన్నది రెండోదాంట్లో ఉండదు. మా అమ్మకి ఒడియా అక్షరం ముక్క రాదు. రెండో సూదికి ఆగితే, ముందేం వేశారో తెలియక అక్కడెవరైనా గడువు నిండకుండానే వేసేయొచ్చు. అందుకే రెండూ ఒకే రోజు వేయించేశాను.

మా ఎదురింటామెకు సరిగ్గా ఇదే జరిగింది. పాపకి ఎంఎంఆర్ ఇక్కడ వేయించి పుట్టింటికెళ్ళింది. పన్నెండో రోజున అక్కడొక ఆసుపత్రిలో తెలుగు కార్డు మాత్రం చూసి చికెన్‌పాక్స్ వేసేశారు. ముందు ఏం వేశారని అడగనూ లేదు, ఈమె చెప్పనూ లేదు. ఇలా అయినప్పుడు మొదటి టీకాకి ఢోకా లేదు. రెండోదాన్ని లెక్కలోంచి తీసేసి, కనీసం 28 రోజులు ఆగి మళ్ళీ వేయించాలి. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే టీకాల్లో చికెన్‌పాక్స్ లేదు, వెల తక్కువేం కాదు. రెండోసారి డబ్బు కట్టాల్సి వచ్చిందని ఆమె బాధ.

విడిగా వేయించడంలో సుఖం లేకపోలేదు. జ్వరమొస్తే ఏ టీకా వల్లో తెలుస్తుంది, పిల్లాడు ఆ రోజుకి ఒక్కసారే ఏడుస్తాడు. మావాడైతే ఎడమ చేతికి సూది పడ్డప్పుడు పట్టించుకోలేదు, కుడి చేతికి పడ్డాక చేతిలో బిస్కట్టు విసిరికొట్టాడు. ఎనిమిదో రోజు రాత్రి 101 జ్వరం. ఎంఎంఆర్ జ్వరం ఆలస్యంగానే వస్తుందని డాక్టర్ ముందే చెప్పారు కాబట్టి టెన్షన్ పడలేదు. గతంలో జ్వరానికి ఫిట్స్ వచ్చిన పిల్లలైతే ముందే డాక్టర్‌కి చెప్పండి.

రెండూ కలిపిన ఒకే సూది ఎంఎంఆర్‌వీ కూడా ఉంది. చిన్నపిల్లల్లో జ్వరం ఫిట్స్ రిస్క్ దాంతో కాస్త ఎక్కువ, నేను దాని జోలికి పోలేదు. పోలియో చుక్కలకీ, బతికున్న వైరస్ లేని టీకాలకీ ఈ 28 రోజుల పట్టింపు లేదు. మెదడువాపు టీకా ఇచ్చే జిల్లాల్లో 9 నెలలకి ఎంఆర్‌తో (తట్టు, రుబెల్లా టీకా) పాటు అదే రోజు వేస్తారు, భయపడకండి. 2016లో మల్కనగిరిలో పిల్లలు ఎలా పోయారో ఇటువైపు ఎవరూ మర్చిపోలేదు. ఒకే రోజు అన్న సూత్రం అన్ని జతలకీ కుదరదు కూడా. బ్రెజిల్‌లో ఎల్లో ఫీవర్ టీకాని ఎంఎంఆర్‌తో ఒకే రోజు వేస్తే రక్షణ తగ్గిందని తేలింది. మనకి ఆ జబ్బూ లేదు, పిల్లలకి ఆ టీకా బెడదా లేదు.

ఆగుదామనే అనుకుంటే వారం లెక్క పెట్టుకోండి. ఈ బుధవారం వేయిస్తే, వచ్చే నాలుగో బుధవారం లేదా ఆ తర్వాత. ముందు రోజు వద్దు. మా ఎదురింటామె మళ్ళీ వేయించేసింది, ఈసారి ఇక్కడే. రెండు కార్డులూ కలిపి స్టేప్లర్ కొట్టి తీసుకెళ్ళింది.