అమ్మ రిపోర్టులో ఎర్ర గీత: గట్ టెస్ట్ కిట్‌కి 5కి 2

మేం డాలస్‌లో ఉంటాం. జనవరిలో అమ్మ కోవెలకుంట్ల నుంచి వచ్చింది. వచ్చిన నాలుగో రోజే ఇద్దరికీ చెరో గట్ మైక్రోబయోమ్ కిట్ తెప్పించాను, పేగుల్లో ఏ బ్యాక్టీరియా ఎంతుందో చెప్పే టెస్ట్ అది. చాలా రోజులుగా నాకు గ్యాస్, కడుపుబ్బరం. అమ్మకు 68 ఏళ్లొచ్చినా ఆ బాధే తెలియదు. తొమ్మిదేళ్లుగా నేనిక్కడ, ఆమె అక్కడ. తేడా ఎక్కడుందో చూద్దామనిపించింది.

కిట్ మాత్రం బాగుంది. ట్యూబు మూతకే చిన్న చెంచా ఉంటుంది. బఠాణీ గింజలో సగమంత మలం తీసి లోపలి ద్రవంలో ముంచి, మూత బిగించి ఊపి, కవర్లో పెట్టి పోస్టు చేయడమే. ఫ్రిజ్‌లో పెట్టే పని లేదు. ఒక్కసారి చెబితే అమ్మే చేసేసుకుంది. ఐదు వారాలకు రిపోర్టులు వచ్చాయి.

నాకు కోపం వచ్చింది ఆ రిపోర్టు చూశాకే. అమ్మదాంట్లో ప్రెవొటెల్లా అనే బ్యాక్టీరియా పక్కన ఎర్ర గీత, "సాధారణం కన్నా చాలా ఎక్కువ" అని. దాని కిందే వాళ్ల ప్రోబయాటిక్ డబ్బా కొనమని సలహా. అమ్మ ఆ ఎరుపు చూసి హడలిపోయింది. "నా కడుపులో ఏం చేరిందంట నాయనా?" అని ఒకటే టెన్షన్. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి తింటున్న జొన్న రొట్టె వారం రోజులు మానేసింది.

"సాధారణం" అంటే ఎవరికి సాధారణం? మూడు మెయిళ్లు పెట్టాక ఒప్పుకున్నారు, పోల్చింది ఎక్కువగా అమెరికా కస్టమర్ల శాంపిళ్లతోనని. జొన్నలు, పప్పు, ఆకుకూరలు తినే మనిషిని వాళ్లతో పోలిస్తే ఎర్ర గీత రాక ఏమొస్తుంది? 2010లో బుర్కినా ఫాసో పల్లె పిల్లలను ఇటలీలోని ఫ్లోరెన్స్ పిల్లలతో పోల్చారు. సజ్జలు, జొన్నలు తినే ఆ పల్లె పిల్లల్లోనే ప్రెవొటెల్లా ఎక్కువ. పీచును అరిగించేది అలాంటి బ్యాక్టీరియానే, దాన్ని జబ్బులా చూపిస్తే ఎలా? అంతెందుకు, మన దేశంలోనే ఊరు మారితే లెక్క మారుతుంది. భోపాల్ వాళ్లను కేరళ వాళ్లతో పోల్చిన 2019 అధ్యయనంలో, శాకాహారం ఎక్కువగా తినే భోపాల్ వైపు ప్రెవొటెల్లా ఎక్కువగా కనిపించింది.

నా రిపోర్టంతా పచ్చ గీతలే. ప్రెవొటెల్లా తక్కువ, బ్యాక్టీరాయిడీస్ అనే ఇంకో బ్యాక్టీరియా ఎక్కువ, అచ్చం ఇక్కడి వాళ్లలాగే. థాయ్‌లాండ్ నుంచి మిన్నెసోటాకు వలస వచ్చిన హ్మోంగ్, కరెన్ జనాల మీద 2018లో వచ్చిన పరిశోధనలోనూ ఇదే జరిగింది. వచ్చిన కొన్ని నెలల్లోనే వాళ్ల పేగుల్లో మార్పు మొదలైంది, ఉన్నకొద్దీ బ్యాక్టీరియా రకాలు తగ్గిపోయాయి. అది చదివిన రోజు రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. పచ్చ గీతలున్న నాకేమో కడుపుబ్బరం తగ్గనే లేదు.

కొనేవాళ్లు డబ్బు కట్టే ముందే, ఏ దేశం వాళ్ల శాంపిళ్లతో పోలుస్తారో మెయిల్‌లో రాయించుకోండి. చెప్పకపోతే కొనకండి. శాంపిల్ తీసే పద్ధతికి, ముడి డేటా ఇచ్చినందుకు ఆ రెండు స్టార్లు.

అమ్మకు ఇదంతా కూర్చోబెట్టి చెప్పాను. మళ్లీ రొట్టె తడుతోంది, చెనిక్కాయల పొడితో నేనూ తింటున్నాను. జులైలో ఆమె ఊరికి వెళ్లేలోపు ఇద్దరికీ ఇంకోసారి టెస్ట్ చేయిస్తాను. ఈసారి వాళ్ల గీతలు చూడను, అమ్మ జనవరి లెక్క పక్కన అమ్మ జులై లెక్క పెట్టి చూస్తాను.