పాతబస్తీలో ‘నిజాం సైన్యపు మార్టినీ’ రైఫిల్ కొనబోయేవారికి జాగ్రత్త హెచ్చరిక

పాత సైనిక ఆయుధాలు సేకరించే హైదరాబాద్ మిత్రులు నాలా నష్టపోకూడదని ఈ విషయం రాస్తున్నాను. పాతబస్తీలోని ఒక పాత వస్తువుల దుకాణంలో, నిజాం సైన్యం వాడిన అసలైన మార్టినీ-హెన్రీ (పాతకాలపు బ్రిటిష్ సైనిక రైఫిల్) అని నమ్మి, నేను 90,000 రూపాయలకు ఒక రైఫిల్ కొన్నాను. అది నకలు. అంతకంటే బాధాకరమైన విషయం ఏమిటంటే, దానిని ఇంట్లో ఉంచుకోవడానికి చట్టం ముందు చూపించగల ఆధారం ఒక్కటీ నా దగ్గర లేదని డబ్బు కట్టిన తర్వాతే నాకు అర్థమైంది.

దుకాణదారు దానిని పాత దుప్పటిలోంచి తీసి, కింది మీటను లాగి చూపించి, ఒక జాగీర్దారు ఇంటి నుంచి వచ్చిన సరుకని చెప్పాడు. “సాబ్, ఇది వందేళ్లు దాటిన చీజ్, లైసెన్సు అక్కర్లేదు” అన్నాడు. బిల్లులో మాత్రం ‘అలంకరణ వస్తువు’ అని రాశాడు. ఆ మాట చూసినప్పుడే నేను ఆగి ఉండవలసింది.

మలక్‌పేటలోని మా ఇంటికి తెచ్చాక, కిరోసిన్‌లో తడిపిన గుడ్డతో కుడివైపు ఇనుప భాగాన్ని తుడిచాను. జిడ్డు కింద నుంచి కిరీటం, దాని కింద వి.ఆర్. అనే అక్షరాలు, ఆ కింద 1904 అనే సంవత్సరం బయటపడ్డాయి. వి.ఆర్. అంటే విక్టోరియా రాణి ముద్ర. ఆమె 1901 జనవరిలోనే మరణించింది, ఆ తర్వాత ఎడ్వర్డ్ రాజు పేరిట ఇ.ఆర్. ముద్ర రావాలి. భూతద్దం పెట్టి చూస్తే, బ్రిటిష్ ఆయుధ కర్మాగారం పేరైన ఎన్‌ఫీల్డ్ అనే ఇంగ్లీషు మాటలో ‘ఎన్’ అక్షరం అద్దంలో చూసినట్లు తిరగబడి ఉంది. కర్మాగారంలో అచ్చుతో కొట్టిన అక్షరాలు ఒకే లోతులో, అంచులు స్పష్టంగా ఉంటాయి. ఇక్కడ మాత్రం ఉలితో చెక్కిన గీతలు వణికినట్లు, ఒక్కొక్కటి ఒక్కో లోతులో ఉన్నాయి. ఖైబర్ కనుమ ప్రాంతపు కమ్మరులు బ్రిటిష్ రైఫిళ్లను చూసి చేతితో చేసిన నకళ్లలో ఇటువంటి తప్పులే కనిపిస్తాయి, ఎందుకంటే అక్షరం తెలియనివారు దాని ఆకారాన్ని మాత్రమే దించుకున్నారు. ఆ పనితనానికి దాని విలువ దానికి ఉంది, కానీ అసలు మార్టినీ ధర దానికి పలకదు. దానిలో తూటా పెట్టి పేల్చాలని ఎవరూ ఆలోచించవద్దు, ఆ ఉక్కు ఏపాటిదో పరీక్షించినవారు లేరు.

నిజాం సైన్యం కథనూ అంత తేలికగా నమ్మకూడదు. మార్టినీ-హెన్రీని బ్రిటిష్ సైన్యం 1871లో స్వీకరించింది. 1857 తిరుగుబాటు తర్వాత భారతీయ సిపాయిలకు బ్రిటిష్ సైనికుల ఆయుధం కంటే ఒక తరం పాతదాన్నే ఇవ్వడం వారి పద్ధతి. కనుక ఇటువంటి రైఫిల్ ఇక్కడి సైన్యానికి చేరిందని ఊరికే అనుకోలేం, ఫలానా సైన్యంలో వాడారంటే దానికి ముద్రో, కాగితమో ఉండాలి. అవి లేనప్పుడు ఆ కథకు ఒక్క రూపాయి కూడా కట్టవద్దు.

ఇక లైసెన్సు సంగతి. 2020లో సవరించిన నిబంధనల ప్రకారం, క్యూరియోగా, అంటే పురాతన సేకరణ వస్తువుగా, లెక్కకు వచ్చే పాత చిన్న ఆయుధాన్ని కొని ఉంచుకోవడానికి లైసెన్సు అక్కరలేదన్న మాట నిజమే. అయితే దానిని వాడటానికీ, ఒకచోటి నుంచి మరొకచోటికి తీసుకెళ్లడానికీ లైసెన్సు కావాలి. నేను దానిని కారు డిక్కీలో వేసుకుని ఇంటికి తెచ్చాను. పైగా సంవత్సరమే తప్పుడుదైనప్పుడు అది క్యూరియో అని నేను దేనితో నిరూపించగలను? వకీలు సలహా మీద పోలీసులకు రాతపూర్వకంగా తెలియజేసి, రైఫిల్‌ను వారికి అప్పగించి రసీదు తీసుకున్నాను.

దుకాణదారు డబ్బు తిరిగి ఇవ్వలేదు. అదే దుప్పటిలో బెంగాల్‌లోని ఇషాపూర్ కర్మాగారపు .303 రైఫిళ్లు మరో రెండు ఉన్నాయి. ఒకదాని బోల్టు (తూటా గదిని మూసే కడ్డీ) మీది నంబరుకూ, దాని ఒంటి మీది నంబరుకూ పొంతన లేదు, అంటే ఆ బోల్టు వేరే రైఫిల్‌ది కావచ్చు. పైగా .303 మన దేశంలో నిషిద్ధ బోరు (గొట్టం లోపలి కొలత), మామూలు లైసెన్సు మీద కొనడానికి వీలులేనిది. ఎవరైనా వాటికి ఇప్పటికే బయానా ఇచ్చి ఉంటే, దయచేసి మిగతా డబ్బు కట్టకండి, వాటిని ఇంటికి తెచ్చుకోకండి, ముందుగా వకీలును కలవండి.